భయం కన్న రాజ్యం

ఇంటర్మీడియట్‌లో సివిక్స్ చదివినవాళ్లకు మూడు పేర్లు గుర్తుండే ఉంటాయి. హాబ్స్, లాక్, రూసో. సామాజిక ఒడంబడిక సిద్ధాంతం మీద పెద్ద ప్రశ్న వచ్చేది. మేము కూడా ఆ జవాబు బట్టీ పట్టి, రాసి, పాసై, మర్చిపోయినవాళ్లమే. హాబ్స్ అనగానే మాకు ఒక్క ముక్కే మిగిలింది: నిరంకుశ ప్రభుత్వాన్ని సమర్థించినవాడు అని.

ఇన్నేళ్లకు ఆయన మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా క్యాంపులో సెలవు రోజు సాయంత్రం జరిగే వాదన. టీ గ్లాసులు పట్టుకుని కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా చివరికి దేశం మీదికే పోతుంది. "గట్టోడు ఒక్కడుండాలె అన్నా. ఈ ఎలక్షన్లు, ధర్నాలు, బందులతోని ఏం లాభం? ఒక్కడు చెప్పాలె, అందరు వినాలె" అంటాడు జగిత్యాల తమ్ముడు. "ఆ ఒక్కడు నీ నెత్తి మీదే కూర్చుంటే అప్పుడెవరితో చెప్పుకుంటావురా అబ్బాయ్?" అంటాడు రాజోలు పెద్దాయన. వాదన ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. తెల్లవారుజామున బస్సు అందుకోవాలి గనక అందరూ లేచి పడుకోబోతారు.

జగిత్యాల తమ్ముడి మాటను ప్రపంచంలో అందరికంటే గట్టిగా, అందరికంటే వివరంగా చెప్పినవాడు థామస్ హాబ్స్. అయితే ఆయన అసలు ఏమన్నాడో తీరిగ్గా చదివితే, రాజోలు పెద్దాయన ప్రశ్నకు జవాబు కూడా అందులోనే సగం దొరుకుతుంది. మిగతా సగం ఆయన తర్వాతి వాళ్లు పూరించారు. ఆ కథే ఇది.

పుట్టుక, కొలువు

హాబ్స్ 1588 ఏప్రిల్ 5న ఇంగ్లండులో మాల్మ్స్‌బరీ అనే చిన్న పట్టణం పక్కన ఉన్న వెస్ట్‌పోర్ట్‌లో పుట్టాడు. ఆ ఏడాది స్పెయిన్ రాజు పెద్ద నౌకాదళాన్ని ఇంగ్లండు మీదికి పంపుతున్నాడని ఊరూరా పుకారు. ఆ వార్త విన్న బెదురుకే తల్లికి నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయని చెబుతారు. భయమూ తానూ ఒకే కాన్పులో పుట్టామన్న అర్థం వచ్చేలా ముసలితనంలో ఆయనే చెప్పుకున్నాడు. ఆయన రాసినదంతా అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

తండ్రి చర్చిలో పాస్టరు. పెద్దగా చదువుకున్నవాడు కాదు, కోపిష్టి. తోటి పాస్టరుతో చర్చి దగ్గరే కలబడి, కొట్టి, ఊరు విడిచి పారిపోయాడు. పిల్లవాడిని చదివించింది పెదనాన్న. ఆయన చేతి తొడుగులు చేసి అమ్మే వ్యాపారి. ఆ డబ్బుతో హాబ్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1608లో డిగ్రీ పుచ్చుకున్నాడు.

తర్వాత ఆయన చేసింది ఉద్యోగమే. కేవెండిష్ అనే గొప్ప జమీందారీ కుటుంబంలో పిల్లవాడికి పాఠాలు చెప్పడం, ఉత్తరాలు రాసిపెట్టడం, ప్రయాణాల్లో వెంట వెళ్లడం. మధ్యలో కొన్నాళ్లు తప్ప జీవితమంతా ఆ ఇంటి నీడలోనే గడిచింది. పెళ్లి లేదు, సొంత ఇల్లు లేదు. పరాయి ఇంట్లో, పరాయి బల్ల దగ్గర కూర్చుని రాసుకున్న మనిషి. ప్రపంచమంతా చదివిన నిరంకుశ ప్రభుత్వ సిద్ధాంతాన్ని రాసినవాడు మహారాజు కాదు, జీతగాడు. ఇది మా ఇంటర్ పుస్తకంలో లేదు.

రాజుగారి పన్నులు

హాబ్స్ నడివయసులో ఉండగా ఇంగ్లండులో ఒకటో ఛార్లెస్ రాజు. రాజుకు అధికారం దేవుడే ఇచ్చాడు, రాజు దేవుడికి తప్ప ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు అన్న నమ్మకం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. దీన్నే దైవదత్త సిద్ధాంతం అంటారు. కానీ పన్ను వేయాలంటే మాత్రం పార్లమెంటు ఒప్పుకోవాలన్నది ఆ దేశపు పాత ఆచారం. ఆ పార్లమెంటుతో పడక రాజు 1629లో దాన్ని పంపించేశాడు. పదకొండేళ్ల పాటు మళ్లీ పిలవలేదు.

మరి ఖజానాకు డబ్బు? పాత కాగితాలు తిరగేశారు. యుద్ధం వచ్చినప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లు ఓడల ఖర్చు భరించాలన్న పాత పద్ధతి ఒకటి దొరికింది. 1634లో ఆ ఓడల పన్ను వేశారు. మరుసటి ఏడాది సముద్రం ముఖం చూడని లోపలి జిల్లాలకు కూడా తగిలించారు. జాన్ హాంప్‌డెన్ అనే ఆసామి తన మీద పడిన ఇరవై షిల్లింగులు కట్టనన్నాడు. ఆయనకు ఆ డబ్బు లెక్కలోది కాదు. మమ్మల్ని అడగకుండా వేసే హక్కు ఎక్కడిది అన్నదే గొడవ. పన్నెండు మంది జడ్జీలు విన్నారు. 1638లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్‌డెన్ వైపు తేల్చారు. రాజు గెలిచాడు గానీ, రాజుగారు పెట్టిన జడ్జీల్లోనే ఐదుగురు ఎదురు చెప్పారన్న మాట దేశమంతా పాకింది.

ఇంతలో స్కాట్లండ్ వాళ్ల మీద తన పద్ధతి ప్రార్థన పుస్తకం రుద్దబోయి రాజు అక్కడా తిరుగుబాటు తెచ్చుకున్నాడు. సైన్యానికి డబ్బు కావాలి. గత్యంతరం లేక 1640లో పార్లమెంటును పిలిచాడు. వాళ్లు పదకొండేళ్ల కోపంతో వచ్చారు. రాజు అధికారాన్ని సమర్థిస్తూ అప్పటికే ఒక పుస్తకం రాసి, చేతిరాత ప్రతులు పంచిపెట్టి ఉన్న హాబ్స్‌కు గాలి ఎటు వీస్తోందో తెలిసింది. పట్టుకుంటారన్న భయంతో పారిస్ పారిపోయాడు. అందరికంటే ముందు పారిపోయినవాడిని తానేనని తర్వాత దాచుకోకుండా చెప్పాడు. పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. పారిస్‌కే పారిపోయి వచ్చిన యువరాజుకు కొన్నాళ్లు లెక్కలు చెప్పాడు.

రాజు తల

1642 ఆగస్టులో రాజు యుద్ధ జెండా ఎత్తాడు. ఒకే భాష, ఒకే దేశం, చాలాచోట్ల ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు వైపులా నిలబడి నరుక్కున్నారు. 1644లో మార్స్టన్ మూర్, 1645లో నేస్‌బీ యుద్ధాల్లో రాజు సేన ఓడింది. ఆ కాలంలో ఇంగ్లండు జనాభా సుమారు యాభై లక్షలు. యుద్ధంలోనూ, సైన్యాల వెంట వచ్చిన రోగాలతోనూ కలిపి ఇంగ్లండులో దాదాపు రెండు లక్షల మంది పోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. అంటే ఇరవై ఐదు మందికి ఒకరు. మన ఊళ్లో బస్సు నిండా ఎక్కిన జనంలో ఇద్దరు ముగ్గురు లేరనుకోండి.

1649 జనవరి 30న లండన్‌లో వైట్‌హాల్ భవనం ముందు మంచె కట్టి, వేల మంది చూస్తుండగా రాజు తల గొడ్డలితో నరికారు. ఆ రోజు గడ్డకట్టే చలి. చలికి వణికితే భయపడి వణికాడని జనం అనుకుంటారని రాజు రెండు చొక్కాలు వేసుకుని వచ్చాడు. దేవుడిచ్చిన అధికారం అనే మాట ఆ రోజుతో ఆ మంచె మీద సగం చచ్చిపోయింది.

పారిస్‌లో కూర్చున్న హాబ్స్ ముందు ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న ఉంది. దేవుడి పేరు చెప్పి రాజును నిలబెట్టలేం. పార్లమెంటు అన్నా, మతం అన్నా, ఆచారం అన్నా కొట్లాటే మిగిలింది. మరి మనుషులు ఒకరి మాట ఎందుకు వినాలి?

పుస్తకంలో ఏముంది

1651లో లండన్‌లో అచ్చయిన 'లెవయథాన్' ఈ ప్రశ్నకు జవాబు. లెవయథాన్ అంటే బైబిల్‌లోని యోబు గ్రంథంలో వచ్చే మహా జలచరం. దాన్ని ఎవరూ లొంగదీయలేరు. పుస్తకం మొదటి పేజీలో ఒక బొమ్మ ఉంటుంది. కొండల వెనక నుంచి ఆకాశమంత రాజు లేచి నిలబడి ఉంటాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో బిషప్పు పట్టుకునే దండం. దగ్గరగా చూస్తే ఆ రాజు ఒళ్లంతా చిన్న చిన్న మనుషులే. మూడు వందల మందికి పైగా ఉంటారు. అందరూ మనకు వీపు చూపిస్తూ ఆయన ముఖం వైపే చూస్తుంటారు. రాజు బలం ఆయన సొంతం కాదు, అది మనదే అని ఆ బొమ్మ అర్థం.

హాబ్స్ వాదన మూడు మెట్లుగా నడుస్తుంది.

మొదటి మెట్టు: మనుషులంతా దాదాపు సమానం. ఇది చదివి మేము ఆశ్చర్యపోయాం. కులం, వంశం, దేవుడి దీవెన అన్నీ ఆయన పక్కన పెట్టేశాడు. ఎంత బలహీనుడైనా ఉపాయంతోనో, నలుగురితో కలిసో ఎంత బలవంతుడినైనా చంపగలడు, కాబట్టి ఎవడూ మరొకడి ముందు నిశ్చింతగా నిద్రపోలేడు అన్నాడు.

రెండో మెట్టు: పైన అధికారం లేకపోతే ఈ సమానులు కొట్టుకుంటారు. కొట్లాటకు కారణాలు మూడు. ఉన్న కాస్త దాని కోసం పోటీ, ఎదుటివాడు ఏం చేస్తాడోనన్న అపనమ్మకం, నన్ను చిన్నచూపు చూశాడన్న పంతం. ఈ స్థితిని మన పాఠ్యపుస్తకాల్లో ప్రకృతి వ్యవస్థ అంటారు. అందులో పంట వేసినవాడికి కోత మీద నమ్మకం ఉండదు గనక ఎవడూ పంట వేయడు. ఇల్లు కట్టడు, ఓడ ఎక్కడు, చదువుకోడు. బతుకు ఒంటరిది, దరిద్రమైనది, పొట్టిది అవుతుంది.

ఇది అతిశయోక్తి అనిపిస్తే, ఎనిమిది మంది ఉండే రూములో కొత్తగా చేరిన మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. పొయ్యి ఎవరిది ముందు, బాత్రూం ఎవరిది ముందు, నైట్ డ్యూటీ నుంచి వచ్చినవాడు పడుకుంటే లైటు ఎవరు ఆర్పాలి. పోటీ, అపనమ్మకం, పంతం మూడూ అక్కడే కనిపిస్తాయి. నాలుగు రోజుల్లో అందరూ కూర్చుని ఒక పెద్దమనిషిని పెట్టుకుంటారు. ఆయన వంతులు రాసి గోడకు అంటిస్తాడు. నచ్చినా నచ్చకపోయినా అందరూ ఒప్పుకుంటారు. ఎందుకంటే వంతు లేకపోతే ఎవరికీ అన్నం ఉండదు.

మూడో మెట్టు అదే. జనం ఒకరితో ఒకరు ఒడంబడిక చేసుకుంటారు: నా మీద నాకున్న అధికారాన్ని ఈ ఒక్కరికి ఇస్తున్నాను, నువ్వు కూడా ఇస్తేనే. ఆ ఒక్కరు మనిషి కావచ్చు, సభ కావచ్చు. మనిషైతేనే మేలు అంటాడు హాబ్స్. ఇక్కడే కిటుకు ఉంది. ఒడంబడిక జనం మధ్య జరిగింది, రాజు అందులో పార్టీ కాదు. ఏ మాటా ఇవ్వనివాడు మాట తప్పాడని ఎలా అంటారు? కాబట్టి చట్టం చేయడం, తీర్పు చెప్పడం, పన్ను వేయడం, యుద్ధం ప్రకటించడం, ఏ పుస్తకం అచ్చు వేయవచ్చో ఏది కూడదో తేల్చడం అన్నీ ఆయనవే. వీటిని పంచితే మళ్లీ యుద్ధమే. చెడ్డ రాజు కింద బతుకు కష్టమే గానీ, అసలు రాజు లేని యుద్ధం కంటే నయం. కళ్ల ముందు ఇంగ్లండు తగలబడుతుంటే రాసిన మనిషి కాబట్టి ఆ మాట అంత బలంగా పలికింది.

మన చాణక్యుడి మాట

ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మన పెద్దలు మత్స్యన్యాయం అన్నారు. కౌటిల్యుడి 'అర్థశాస్త్రం'లో ఈ కథ ఉంది. మత్స్యన్యాయానికి తట్టుకోలేక జనం మనువును రాజుగా చేసుకుని, ధాన్యంలో ఆరో వంతు, సరుకులో పదో వంతు ఆయనకు భాగంగా ఇచ్చారట. దానికి బదులుగా రాజు వాళ్ల యోగక్షేమాలు చూడాలి. శతాబ్దాల పాటు కనబడకుండా పోయిన ఈ గ్రంథం తాళపత్రాలు 1905లో మైసూరులో శామశాస్త్రి గారికి దొరికాయి. 1909లో అచ్చయింది.

ఇందులో తమాషా ఏమిటంటే, కౌటిల్యుడు ఈ కథను తన మాటగా చెప్పలేదు. గూఢచారులు జనం మధ్యకు వెళ్లి కావాలని వాదన పెట్టుకుని, ఒకడు రాజును తిడితే ఇంకొకడు ఈ కథ చెప్పి నోరు మూయించాలని రాశాడు. అంటే రాజు లేకపోతే ఒకరినొకరు మింగేస్తారు అన్న మాట నిజమే కావచ్చు గానీ, ఆ మాట ఎవరు చెబుతున్నారో, ఎవరు చెప్పిస్తున్నారో కూడా చూసుకోవాలని మన పాత గ్రంథమే తెలియకుండా మనకు చెబుతోంది.

ఇచ్చినా పోనివి

ఇప్పుడు మా ఇంటర్ పుస్తకం చెప్పని సంగతికి వద్దాం. అన్నీ రాజుకు ఇచ్చేయమన్న హాబ్స్, కొన్ని మాత్రం ఇద్దామన్నా ఇవ్వలేం అన్నాడు.

మనిషి ఒడంబడికకు వచ్చిందే ప్రాణం కాపాడుకోవడానికి. కాబట్టి ప్రాణాన్ని కాపాడుకునే హక్కును వదులుకోవడం అనే మాటకు అర్థం లేదు. నిన్ను నువ్వు చంపుకో, గాయపరుచుకో అని రాజు ఆజ్ఞాపించినా, తిండి, గాలి, మందు మానేయమన్నా వినక్కర్లేదు. నేరం చేశానని తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమన్నా చెప్పనక్కర్లేదు. చట్టం ఏమీ చెప్పని చోట మనిషి తన ఇష్టప్రకారం నడుచుకోవచ్చు. అన్నిటికంటే పెద్దది ఇది: రాజు కాపాడగలిగినంత కాలమే విధేయత. కాపాడలేని రోజు ఆ ముడి దానంతట అదే ఊడిపోతుంది.

నౌకరు గురించి, బానిస గురించి రాసిన చోట ఇంకా స్పష్టంగా చెప్పాడు. గొలుసులు వేసి, తాళం పెట్టి ఉంచినవాడికి యజమాని పట్ల ఏ బాధ్యతా లేదు, వాడు తప్పించుకుంటే తప్పు కాదు. నమ్మకం ఉంచి, కాళ్లూ చేతులూ స్వేచ్ఛగా వదిలినప్పుడే మాటకు కట్టుబడి ఉండే బాధ్యత మొదలవుతుంది. నిర్బంధం ఉన్న చోట ఒప్పందం లేదు, ఒప్పందం ఉన్న చోట నిర్బంధం అక్కర్లేదు అన్నట్టు.

కూలి గురించి కూడా రాశాడు. మనిషి శ్రమ కూడా మిగతా సరుకుల్లాగే ఇచ్చిపుచ్చుకునే సరుకు అన్నాడు. మనిషి విలువ అంటే వాడి శక్తిని వాడుకున్నందుకు ఎదుటివాడు ఇవ్వజూపే ధరే అన్నాడు. చదివితే ఒళ్లు మండుతుంది. కానీ అదే పుస్తకంలో, తన తప్పు లేకుండా దెబ్బ తగిలి పని చేయలేని స్థితికి వచ్చినవాడిని ఎవరి దయాదాక్షిణ్యాలకో వదిలేయకూడదు, ప్రభుత్వమే చట్టం చేసి పోషించాలి అని కూడా రాశాడు. 1651లో. కాలు విరిగినవాడి కోసం క్యాంపులో చందాలు వేసుకునే మనం ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. నిరంకుశ ప్రభుత్వం కావాలన్న మనిషికే ఆ ప్రభుత్వం చేయాల్సిన పని ఏమిటో అంత స్పష్టంగా తెలుసు.

భయంతో పెట్టిన సంతకం

ఆయన మాటల్లో మాకు అస్సలు మింగుడు పడనిది ఒకటుంది. భయంతో చేసిన ఒప్పందం కూడా ఒప్పందమే అన్నాడు. దొంగ మెడ మీద కత్తి పెట్టి, రేపు డబ్బు తెచ్చిస్తానని మాట ఇస్తే వదులుతానంటాడు. వదిలాక ఆ డబ్బు ఇవ్వాలా? చట్టం అడ్డుపడితే తప్ప ఇవ్వాల్సిందే అంటాడు హాబ్స్. ప్రాణం దక్కించుకున్నావు, దానికి ధర ఒప్పుకున్నావు, అంతే. ఆయన ఇలా అనక తప్పదు. భయంతో చేసుకున్నది చెల్లదంటే, యుద్ధ భయంతో పుట్టిన ఆయన రాజ్యమే చెల్లకుండా పోతుంది.

ఈ చోట మేము చాలాసేపు వాదించుకున్నాం. మనలో ఎంతమందిమి భయం లేకుండా సంతకం పెట్టాం? కత్తి భయం కాదు. ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతున్న అప్పు, ఏజెంటుకు కట్టేసిన డబ్బు, పెళ్లికి ఎదిగిన చెల్లెలు. కాగితం మీద ఏముందో అడగబోతే విమానం టైము అయిపోతోందన్నవాళ్లు.

చట్టం అడ్డుపడితే తప్ప అని హాబ్స్ అన్న ఆ చిన్న ముక్కలోనే దారి ఉంది. తర్వాతి కాలంలో చట్టాలు నిజంగానే అడ్డుపడ్డాయి. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, బలవంతం మీద కుదిరిన ఒప్పందాన్ని బలవంతానికి గురైనవాడు కోరితే రద్దు చేసుకోవచ్చు. అయితే ఆ చట్టంలో బలవంతం అంటే నేరం చేయడం లేదా చేస్తానని బెదిరించడం, ఆస్తిని అక్రమంగా పట్టి ఉంచడం లాంటివే. ఆకలి, అప్పు ఆ లెక్కలోకి రావు. హాబ్స్ చెప్పిన దొంగ కత్తి నుంచి చట్టం మనల్ని కాపాడింది గానీ, అప్పు అనే కత్తి దగ్గరికి ఇంకా పూర్తిగా రాలేదు.

ఎవరికీ నచ్చని మనిషి

రాజును ఆకాశానికెత్తాడు గనక రాజుగారి పక్షం హాబ్స్‌ను నెత్తిన పెట్టుకుని ఉంటుందని అనుకుంటాం. జరిగింది తలకిందులు. రాజు దేవుడి వల్ల కాదు, జనం భయం వల్ల పుట్టాడన్నందుకు రాజభక్తులకు కోపం. కాపాడలేని రాజును వదిలేయవచ్చు అన్నందుకు ప్రవాసంలో ఉన్న యువరాజు పక్కనున్నవాళ్లకు ఇంకా కోపం. ఎందుకంటే అప్పటి యువరాజు ఎవరినీ కాపాడే స్థితిలో లేడు. చర్చి కూడా రాజు చేతి కిందే ఉండాలన్నందుకు పాస్టర్లకు కోపం. పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే పారిస్‌లో ఉండలేక, రాజు తల తీసినవాళ్ల పాలనలో ఉన్న లండన్‌కే తిరిగి వచ్చి తలవంచి బతికాడు. తన సిద్ధాంతం ప్రకారం అది తప్పు కాదు. ఇప్పుడు కాపాడుతున్నది వాళ్లే కదా.

1653లో క్రామ్‌వెల్ దేశానికి పెద్ద అయ్యాడు. పెట్టుకున్న బిరుదు 'రక్షక ప్రభువు'. 1658లో ఆయన పోయాడు. 1660లో పాత శిష్యుడే రెండో ఛార్లెస్‌గా సింహాసనం ఎక్కి, గురువుకు ఏడాదికి వంద పౌన్ల పింఛను ఇచ్చాడు. అది సమయానికి అందేది కాదు. 1665లో ప్లేగు, 1666లో లండన్ తగలబడటం చూసి ఇదంతా నాస్తికుల పాపమని జనం అనుకుంటే, పార్లమెంటు సభ నాస్తికత్వం మీద బిల్లు పెట్టి 'లెవయథాన్' సంగతి చూడమంది. డెబ్బై ఎనిమిదేళ్ల హాబ్స్ భయపడి తన కాగితాలు కొన్ని తగలబెట్టుకున్నాడు. అంతర్యుద్ధం మీద రాసిన పుస్తకాన్ని అచ్చు వేయడానికి రాజు ఒప్పుకోలేదు. ఏ పుస్తకం అచ్చు కావాలో రాజే తేల్చాలని రాసినవాడికి అలా తన మాటే తగిలింది. 1679 డిసెంబరు 4న తొంభై ఒకటో ఏట కేవెండిష్ వాళ్ల ఇంట్లోనే పోయాడు. 1683లో ఆయన చదివిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమే ఆయన పుస్తకాలను తగలబెట్టింది.

కాపలావాడికి కాపలా

హాబ్స్ తప్పు ఎక్కడుందో చెప్పినవాళ్లు ఇద్దరు. ఒకరు గొప్ప పండితుడు, మరొకరు జీతం అందని సిపాయిలు.

పండితుడు జాన్ లాక్. నక్కకు భయపడి సింహం గుహలో తలదాచుకుంటే అది తెలివి ఎలా అవుతుంది అన్నది ఆయన వాదన సారాంశం. పక్కవాడు చేసే కీడు కంటే, సైన్యం, జైలు, ఖజానా చేతిలో ఉన్న ఒక్కడు చేసే కీడు వెయ్యింతలు. కాబట్టి అధికారం ఇచ్చేటప్పుడే హద్దు గీయాలి, హద్దు దాటితే తిరిగి తీసుకోవాలి. ఆయన పుస్తకం వెలువడిన 1689లోనే ఇంగ్లండు పార్లమెంటు హక్కుల చట్టం చేసింది. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయడం, చట్టాన్ని ఆపేయడం చెల్లదని అందులో రాశారు. అధికారం పంచితే యుద్ధం తప్పదన్న హాబ్స్ జోస్యం తప్పింది. ఆ దేశంలో రాజు, పార్లమెంటు అధికారం పంచుకునే ఇన్ని శతాబ్దాలు గడిపారు.

సిపాయిల కథ ఇంకా ముందుది. 1647లో రాజును ఓడించిన పార్లమెంటు, తన సైన్యానికే నెలల తరబడి జీతాలు బాకీ పడి, డబ్బు పూర్తిగా ఇవ్వకుండానే ఇళ్లకు పొమ్మంది. సిపాయిలు తిరగబడి తమలో తామే ప్రతినిధులను ఎన్నుకున్నారు. అక్టోబరు నెలాఖరులో లండన్ దగ్గర పట్నీ అనే ఊళ్లోని చర్చిలో సేనానాయకులకు ఎదురుగా కూర్చుని వాదించారు. జీతాల బాకీతో మొదలైన గొడవ, ఆస్తి లేనివాడికి ఓటు ఎందుకు లేదు అనే దాకా వెళ్లింది. ఒప్పుకోమని మమ్మల్ని అడగని ప్రభుత్వానికి మేమెందుకు కట్టుబడాలి అన్నారు. లెవెలర్లు అనే పక్షం వాళ్ల వెనక ఉంది.

అయితే ఆ లెవెలర్లు కూడా 1649లో అచ్చు వేసిన ఒప్పంద పత్రంలో ఓటు హక్కు నుంచి కొందరిని మినహాయించారు. వాళ్లలో ఒకరి కింద నౌకరీ చేసేవాళ్లు, దానం మీద బతికేవాళ్లు ఉన్నారు. యజమాని చెప్పినట్టు ఆడేవాడికి సొంత మాట ఉండదన్నది వాళ్ల భయం. అంత పెద్ద మనసున్నవాళ్ల జాబితాలోనూ మనలాంటివాళ్లకు చోటు లేదు. ఆ దేశంలో మగవాళ్లందరికీ ఓటు రావడానికి 1918 దాకా పట్టింది. ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా రావడానికి 1928 దాకా పట్టింది.

మళ్లీ టీ గ్లాసుల దగ్గరికి

నిరంకుశం అనే మాట మన భాషలో ఎలా పుట్టిందో చూడండి. అంకుశం లేనిది అని అర్థం. అంకుశం మావటివాడి చేతిలో ఉండే కొక్కెం. ఏనుగు మంచిదే, బలమైనదే, దుంగలు మోస్తుంది, ఊరేగింపులో దేవుడిని మోస్తుంది. అయినా అంకుశం లేకుండా ఏనుగును ఎవరూ సంతలోకి తీసుకుపోరు. మన పెద్దలు ఏనుగు వద్దనలేదు. అంకుశం ఉండాలన్నారు.

జగిత్యాల తమ్ముడి బాధ అబద్ధం కాదు. రోజూ గొడవలు, లంచాలు, బందులు చూసినవాడికి ఒక్క గట్టి చేయి కావాలనిపిస్తుంది. హాబ్స్‌కు కూడా అలాగే అనిపించింది, రెండు లక్షల చావులు చూశాక. కానీ అంతటి హాబ్స్ కూడా ఆ గట్టి చేతికి ఒక షరతు పెట్టాడు: కాపాడాలి. ప్రాణం కాపాడాలి, దెబ్బ తిన్నవాడిని పోషించాలి, ధనికుడికీ పేదకూ ఒకే న్యాయం చెప్పాలి. ఆ షరతు తప్పితే ఏం చేయాలో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. హాంప్‌డెన్ తన ఇరవై షిల్లింగులతో, పట్నీ సిపాయిలు తమ జీతాల బాకీతో, లాక్ తన పుస్తకంతో ఆ ఖాళీ పూరించారు. లెక్క అడిగే హక్కు వదులుకోకూడదు అన్నారు.

మొన్న సెలవు రోజు ఈ కథంతా మా రూములో చెప్పాం. జగిత్యాల తమ్ముడు అంతా విని, "అయితే మన రూము పెద్దమనిషి కూడా మెస్ డబ్బుల లెక్క గోడకు అంటియ్యాలె గదా?" అన్నాడు. రాజోలు పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. మా రూముకు పెద్దమనిషి ఆయనే. మర్నాడు పొద్దున లేచి చూస్తే, వంతుల కాగితం పక్కన గోడ మీద మెస్ లెక్క అంటించి ఉంది. పదకొండు వందల చిల్లరలో యాభై తేడా వచ్చింది. అది ఎక్కడ పోయిందో ఇంకా వాదించుకుంటున్నాం.